‘కథంతా రాసినా కదా మేడం’: ఒక టెన్త్ కుర్రాడి ఇంగ్లీషు పేపరు

ఈ కేసులో మొదటి రెండు నెలలు నేను చేసిన వైద్యం తప్పు. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

నేనుండేది బెంగళూరులో, మారతహళ్ళి వెనకాల మున్నేకొళాలలో. పన్నెండేళ్ళు స్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పి, ఇప్పుడు ఇంట్లోనే ట్యూషన్ చెప్తున్నాను. హాల్లో ఒక బల్ల, ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక వైట్‌బోర్డు, అంతే సరంజామా. ఈ చుట్టుపక్కల ఆంధ్రా మెస్సులు ఎన్నో తెలుగు ఇళ్ళూ అన్ని, కాబట్టి వచ్చే పిల్లల్లో సగానికి పైగా మనవాళ్ళే. ఎక్కువమంది సీబీఎస్‌ఈ.

2024 జులైలో ఒకావిడ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ళది మదనపల్లె దగ్గర పల్లె. వాళ్ళాయన వైట్‌ఫీల్డ్ కంపెనీలకి క్యాబ్ నడుపుతాడు. రెండేళ్ళ కిందట ఇక్కడికి వచ్చేశారు, కుర్రాడు ఎనిమిదో తరగతిలో ఇక్కడి స్కూల్లో చేరాడు. వాణ్ణి వాసు అందాం, అసలు పేరు అది కాదు. టెన్త్‌లో మొదటి పీరియాడిక్ టెస్టు పేపరుని ఆవిడ నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో తెచ్చింది. 40కి 19.

“మాదంతా పల్లెటూరు మేడం, మదనపల్లె పక్క. వానికి ఇంగ్లీషు యాడొస్తుంది?” అంది.

వాసు నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు. ఆ మాట వాడు చాలాసార్లు విన్నట్టే ఉంది. జనగణమనకి టాగూరు ఇంగ్లీషు అనువాదం చేసుకుంది మదనపల్లెలోనే, 1919లో, అక్కడి కాలేజీలో బస చేసినప్పుడు అని చెప్పాను. వాడు తలెత్తి చూశాడు. వాళ్ళమ్మ మాత్రం “అవునా మేడం, ఫీజు ఎంత?” అంది.

తెలియనివాళ్ళ కోసం పరీక్ష సంగతి కొంచెం. సీబీఎస్‌ఈ టెన్త్‌లో ఈ సబ్జెక్టు పేరే ఇంగ్లీష్ లాంగ్వేజ్ అండ్ లిటరేచర్, కోడ్ 184. రాతపరీక్షకి 80 మార్కులు, స్కూలు వేసే ఇంటర్నల్ 20. ఆ 80లో రీడింగ్‌కి 20, రైటింగూ గ్రామరూ కలిపి 20, లిటరేచర్‌కి 40. అంటే సగం పేపరు పాఠాలదే. పాఠాల్లోంచి చిన్న ప్రశ్నకి మూడు మార్కులు, నలభై యాభై మాటల్లో రాయాలి. పెద్ద ప్రశ్నకి ఆరు మార్కులు, నూరు నుంచి నూట ఇరవై మాటలు. ఇవిగాక పాఠంలోంచో పద్యంలోంచో నాలుగు లైన్లు ఇచ్చి అడిగే ఎక్‌స్ట్రాక్ట్ ప్రశ్నలు.

వాసు పేపరు చూశాను. ఎర్ర ఇంకు గీతలు ఎక్కువగా స్పెల్లింగుల కిందా, క్రియల కిందా ఉన్నాయి. ఎర్రగా ఎక్కడుంటే అక్కడే జబ్బు అనుకున్నాను. ఇంగ్లీషు టీచర్లకి ఇదొక అలవాటు, దిద్దిన చోటే చూస్తాం. జులై, ఆగస్టు రెండు నెలలూ గ్రామర్ వర్క్‌బుక్ పట్టుకున్నాం. రోజుకి పది కొత్త మాటలు, ఒక పేజీ డిక్టేషన్. వాడు కుందలహళ్ళి గేటు నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. ఒక్కరోజు కూడా మానలేదు. చెప్పిందంతా చేశాడు.

సెప్టెంబరులో హాఫ్ ఇయర్లీ జరిగింది. 80కి 40. మొదటి టెస్టుని 80కి లెక్కేస్తే 38. రెండు నెలల చాకిరీకి రెండు మార్కులు.

ఈసారి పేపరుని వేరేలా చూశాను. మార్కులు ఎక్కడ పోయాయో ఒక కాగితం మీద లెక్కేశాను. స్పెల్లింగు, గ్రామర్ వల్ల పోయినవి అన్నీ కలిపి ఎనిమిదో తొమ్మిదో. లిటరేచర్‌లో 40కి 17 వచ్చాయి, అంటే పోయింది 23. ఆ జవాబుల్లో ఎర్రగీతలు పెద్దగా లేవు. పేజీ నిండా రాత, పక్కన మూడుకి ఒకటి, ఆరుకి రెండు అని అంకె, అంతే. వాడు పొరపాటున తప్పుగా రాసినవి ఎర్రబడ్డాయి. అడిగింది రాయకపోవడం మాత్రం ఏ రంగూ లేకుండా ఉండిపోయింది.

ఒక జవాబు ఇక్కడ పెడతాను. మొదటి పాఠం, లెంచో అనే రైతు దేవుడికి ఉత్తరం రాసే కథ. ప్రశ్న: ముగింపులో ఉన్న ఐరనీ (అనుకున్నదానికి సరిగ్గా ఎదురుగా జరగడం) ఏమిటి? మూడు మార్కులు. వాసు ఇంగ్లీషులో రాసిందాన్ని తెలుగులో కుదించి చెప్తే ఇలా ఉంటుంది: “లెంచో ఒక రైతు. ఆ లోయలో అతనిది ఒకటే ఇల్లు. అతను వాన కోసం చూశాడు. వాన వచ్చింది. తర్వాత వడగళ్ళు పడ్డాయి. పంటంతా పోయింది. అతను దేవుడికి ఉత్తరం రాసి వంద పెసోలు అడిగాడు. పోస్ట్‌మాస్టర్ డబ్బులు పోగుచేసి పంపాడు. డెబ్బయ్యే వచ్చాయి. లెంచోకి కోపం వచ్చి ఇంకో ఉత్తరం రాశాడు.” తొంభై మాటలకి పైనే ఉంది. వాక్యాలు చిన్నవి, దాదాపు అన్నీ సరైనవి. ఐరనీ ఊసే లేదు. ఒక మార్కు ఇచ్చారు, అదీ దయతలచి.

“కథంతా రాసినా కదా మేడం, రెండు మార్కులు ఎందుకు పోయినాయి?” అన్నాడు. నిజంగానే వాడికి అర్థం కాలేదు.

ఐరనీ అనే మాట తెలియక ఇలా రాశాడేమో అనుకున్నాను. అప్పటికి కూడా నా అనుమానం ఇంగ్లీషు మీదే.

దసరా సెలవులయ్యాక ఒక సాయంత్రం వాన కురిసి కరెంటు పోయింది. యూపీఎస్ అప్పటికే చేతులెత్తేసింది. మిగతా పిల్లలు రాలేదు, వాసు ఒక్కడే తడిసి వచ్చాడు. ఎమర్జెన్సీ ల్యాంపు వెలుగులో రాయించడం ఎందుకులే అని పుస్తకం మూసి, ఊరికే తెలుగులో అడిగాను.

“ఒరే వాసూ, ఆ పోస్ట్‌మాస్టర్ చేసింది మంచి పనా, చెడ్డ పనా?”

“అంటే మేడం, లెంచో అని ఒక రైతు ఉంటాడు. వానికి...”

“కథ నాకు తెలుసు నాయనా. పోస్ట్‌మాస్టర్ సంగతి చెప్పు.”

“అదే మేడం, వడగళ్ళు పడి పంట పోతే వాడు దేవునికి ఉత్తరం రాస్తాడు. అప్పుడు పోస్ట్‌మాస్టర్...”

“ఆగు. మంచా, చెడ్డా?”

వాడు ఆగాడు. బయట వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. చాలాసేపటికి, “మంచే చేసినాడు మేడం. కానీ దేవుడే పంపినాడని వాణ్ణి నమ్మించినాడు కదా, అది అబద్ధమే. ఆ అబద్ధం వల్లనే కదా తక్కువ వచ్చిందని లెంచో వీళ్ళను దొంగలనింది” అన్నాడు.

ఆరు మార్కుల జవాబు అది. ఐరనీ కూడా అందులోనే ఉంది. దానికి ఆ పేరుందని వాడికి తెలియదు, అంతే. కానీ అక్కడికి రావడానికి వాణ్ణి రెండుసార్లు అడ్డుకోవాల్సి వచ్చింది. సొంత భాషలో అడిగినా వాడు కథే మొదలుపెట్టాడు. భాష మార్చినా జబ్బు అలాగే ఉందంటే, అది భాషలో లేదన్నమాట. రెండు నెలలపాటు నేను కాలినొప్పికి కంటిచుక్కలు వేశాను.

ఎందుకిలా అయిందో తర్వాత మెల్లగా తెలిసింది. “ఎక్కువ రాస్తే యాడో ఒకచోట మార్కు పడుతుందని మా సార్ చెప్పినాడు” అన్నాడు ఒకరోజు. వాళ్ళ స్కూల్లో పాఠం అయిపోగానే ప్రశ్నలకి జవాబులు బోర్డు మీద రాసిచ్చేవాళ్ళు. అవే బట్టీపట్టి రాస్తే యూనిట్ టెస్టుల్లో ఫుల్ మార్కులు వేసేవాళ్ళు. ప్రశ్న ఎటు తిరిగినా జవాబు ఒకటే. ఆ స్కూలు ఒక్కదాన్నే అని లాభం లేదు, నేను కూడా నా మొదటి ఉద్యోగంలో అలాగే చేశాను, పోర్షన్ అవ్వాలి కదా. కానీ బోర్డు పేపరు ఇప్పుడు మారింది. 2024-25 నాటికి పేపరులో సగం కాంపిటెన్సీ ప్రశ్నలే, అంటే చదివిందాన్ని కొత్తచోట వాడమనేవి. లెంచో కథ చెప్పమని ఎవరూ అడగరు. లెంచో నమ్మకం పోస్ట్‌మాస్టర్ని ఎలా కదిలించింది అని అడుగుతారు, లేదా లెంచో స్థానంలో ఉండి డైరీ రాయమంటారు. బట్టీపట్టిన జవాబు ఎదుట ఉన్న ప్రశ్నకి అతకదు.

అప్పటినుంచి పద్ధతి మార్చాం. పెన్ను పట్టుకునే ముందు జవాబుని తెలుగులో, ఒక్క ఊపిరిలో చెప్పాలి. వాడే దానికి ‘ముక్క’ అని పేరు పెట్టాడు. “ముక్క చెప్తా మేడం: సాయం చేసినోళ్ళనే దొంగలనింది.” ఆ ముక్క ఇంగ్లీషులో మొదటి వాక్యం అవ్వాలి. రెండో వాక్యంలో ఎందుకంటే. మూడో వాక్యంలో పాఠంలో ఆ సంగతి ఎక్కడుందో. మూడు మార్కుల ప్రశ్నకి ఇంతకన్నా అక్కర్లేదు. ఐరనీ ప్రశ్నకి నవంబరులో వాడు రాసిన జవాబు నలభై నాలుగు మాటలు. తెలుగులో దాని సారం: “తనకి సాయం చేసినవాళ్ళనే లెంచో దొంగలంటాడు. దేవుడు పూర్తిగా పంపే ఉంటాడని అతని నమ్మకం, కాబట్టి తగ్గిన ముప్పై పెసోలూ పోస్టాఫీసువాళ్ళే తీశారనుకుంటాడు. ఆ డెబ్బై ఇచ్చింది వాళ్ళేనని పాఠకుడికి తెలుసు, అతనికి తెలియదు.” చివరి వాక్యం నేను నేర్పింది కాదు. చదివి రెండు నిమిషాలు మాట్లాడలేకపోయాను.

ముందు చాలా కష్టపడ్డాడు. ముక్క చెప్పమంటే గింజుకునేవాడు. ముక్క రాగానే దాన్ని వదిలేసి మళ్ళీ “వన్స్ దేర్ వాజ్” అని మొదలెట్టేవాడు. కథ చెప్పడంలో ఒక ధైర్యం ఉంది. అక్కడ తప్పు చెప్పే అవకాశం లేదు, జరిగింది జరిగినట్టు చెప్పడమే. అభిప్రాయం చెప్పాలంటే తప్పయితే ఎలా అని భయం. ఆ భయం పోవడానికి సినిమాలు వాడుకున్నాను. సినిమా గురించి అభిప్రాయం చెప్పడానికి మనవాళ్ళలో ఎవరూ భయపడరు.

పద్యాల్లో తెలుగు ఇంకా బాగా పనికొచ్చింది. ఎక్‌స్ట్రాక్ట్ ప్రశ్నల్లో టోన్ ఏమిటని అడుగుతారు. పిల్లలు అన్నిటికీ ‘శాడ్’ లేదా ‘హ్యాపీ’ అని రాస్తారు, వాళ్ళ దగ్గరున్నవి ఆ రెండే. నేను వాసుని ముందు తెలుగులో పేరు పెట్టమన్నాను. ఈ లైను అన్నవాడి గొంతు ఎలా ఉంది? వెటకారమా, నిష్ఠూరమా, గద్దింపా, బెంగా, జాలా? తెలుగులో వాడికి పదిహేను రకాల గొంతులు తెలుసు, రోజూ ఇంట్లో వింటున్నవే. తర్వాత ఒక్కోదానికి ఇంగ్లీషు మాట వెతికాం. వెటకారానికి సార్కాస్టిక్, గద్దింపుకి స్టర్న్, బెంగకి యాంక్షస్. నిష్ఠూరానికి ఒక వారం పట్టింది. చివరికి రిప్రోచ్‌ఫుల్ దగ్గర ఆగాం, అయినా నాకు పూర్తిగా తృప్తి లేదు.

అమాండా అనే పిల్లని గోళ్ళు కొరకొద్దని, గూని పెట్టుకు కూర్చోవద్దని తల్లి తిట్టే పద్యం ఒకటి ఉంది. తిట్ల మధ్య మధ్య బ్రాకెట్లలో ఆ పిల్ల ఊహలు వస్తాయి, సముద్రంలో మత్స్యకన్యనైతే, బురుజులో ఒంటరిగా ఉంటే అని. తల్లి టోన్ ఏమిట్రా అంటే ఆలోచించకుండా “నస” అన్నాడు. నాగింగ్. ఇంతకంటే కచ్చితమైన మాట ఇంగ్లీషులోనే లేదు. సరే, ఆ ఊహల్ని బ్రాకెట్లలో ఎందుకు పెట్టారు? “వాళ్ళమ్మ మాటలు ఈ చెవిలో పోయి ఆ చెవిలో వస్తాన్నాయి మేడం. లోపల పిల్ల యాడికో పోయింది.” బ్రాకెట్టు అంటే ఆ పిల్ల తలుపేసుకున్న గది అని వాడికి చెప్పనక్కర్లేకపోయింది. పక్క కుర్చీలోని అమ్మాయి, అపార్ట్‌మెంట్‌లో పుట్టి పెరిగి గలగలా ఇంగ్లీషు మాట్లాడే పిల్ల, దీనికి “టు మేక్ ఇట్ బ్యూటిఫుల్” అని రాసింది.

ఒకచోట మాత్రం ఇది వికటించింది. పెళ్ళి అడగడానికి వచ్చి మైదానం ఎవరిదని పోట్లాడుకునే రష్యన్ నాటకం ఒకటి పాఠంగా ఉంది. వాసు దాన్ని చదివి పగలబడి నవ్వాడు. వాళ్ళ తాతకీ పక్క చేనువాళ్ళకీ పాతికేళ్ళుగా గట్టు తగాదా ఉందట. ఆ ఎద్దుల మైదానం గొడవ వాడికి మా అందరికన్నా బాగా అర్థమైంది. కానీ డిసెంబరు ప్రీబోర్డులో ఆరు మార్కుల జవాబులో వాళ్ళ తాతని కూడా దింపాడు, గట్టుతో సహా. నూట ఇరవై మాటల్లో నలభై తాతవే. రెండున్నర వేశారు. నేను వాదించలేకపోయాను, ప్రశ్న నాటకం గురించి.

వాడి ఇంగ్లీషులో తప్పులు లేవని కాదు. జబ్బు వేరే అని తేలాక, నిజంగా తెలుగు అడ్డం వచ్చే చోట్లు మూడే కనిపించాయి. అన్నిటికన్నా మొండిది రిపోర్టెడ్ స్పీచ్, అంటే ఒకరన్న మాటని ఇంకొకరు చెప్పడం. గ్రామర్‌లో ఒకటో రెండో ప్రశ్నలు దాని మీద తప్పకుండా ఉంటాయి. వాసు ప్రతిసారీ “హీ సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో” అని రాసేవాడు. రూలు పదిసార్లు చెప్పాను, పదకొండోసారీ అదే. ఒకరోజు బోర్డు మీద తెలుగు వాక్యం రాశాను: రవి రేపు వస్తానన్నాడు. “వస్తాను అన్నది ఎవరు?” “రవి.” “మరి క్రియ చివర ఏముంది?” “ను.” “అంటే?” “నేను.” తెలుగులో మనం అవతలివాడి నోట్లోని మాటని ఉన్నదున్నట్టు తీసుకొచ్చి, వెనక ఒక ‘అని’ తగిలించి వదిలేస్తాం. క్రియకి నేను తోక అలాగే ఉంటుంది. రేపు కూడా రేపుగానే ఉంటుంది. ఇంగ్లీషువాడు ఆ మాటని విప్పి, నేనుని వాడుగా, రేపుని మర్నాడుగా మార్చి మళ్ళీ కుడతాడు. ‘అని’ కనిపించిన చోటల్లా విప్పాలి అని వాడికి ఒక గుర్తు దొరికింది. తప్పులు సగానికి తగ్గాయి. పూర్తిగా పోలేదు.

రెండోది ఏ, ది. తెలుగులో ఆ సామానే లేదు కాబట్టి ఎక్కడ పెట్టాలో చెవి చెప్పదు. దీని మీద ఎక్కువ టైం పెట్టలేదు. నాలుగు నెలల్లో కుదిరే పని కాదు, పోయేది ఒకటి రెండు మార్కులు. మూడోది ‘వన్ ఆఫ్ ది బాయ్స్’ తర్వాత ‘ఆర్’ రాయడం. అది ఒక్క పూటలో పోయింది.

రైటింగ్‌లో లెటర్ వాడికి తేలికే, ఫార్మాట్ అలవాటైతే చాలు. అనలిటికల్ పేరాగ్రాఫ్‌లో మళ్ళీ పాత జబ్బే, వేషం మార్చుకుని వచ్చింది. గ్రాఫ్ ఇస్తే అందులోని అంకెలన్నీ వరసగా చెప్పుకుంటూ పోయేవాడు, 2018లో ఇంత, 2019లో ఇంత అని. అదీ కథ చెప్పడమే. ఇక్కడ కూడా ముక్కే మందు: “పెరుగుతూ వచ్చి ఒకచోట పడింది మేడం.” ఆ వాక్యం ముందు రాసి, దానికి సాక్ష్యంగా రెండు అంకెలు చాలు. నూరు నూట ఇరవై మాటల్లో పది అంకెలు రాస్తే విశ్లేషణకి చోటెక్కడిది?

నవంబరు చివర్లో ఇంట్లో గొడవ వచ్చింది. వాసు గైడు చదవడం మానేశాడని వాళ్ళమ్మకి తెలిసింది. “జవాబులు కంఠతా రాకుండా పరీక్ష ఎట్ల రాసేది మేడం? మా చెల్లెలి కొడుకు గైడు మొత్తం అప్పజెప్తాడు” అని వచ్చి కూర్చుంది. ఆవిడ భయం నాకు తెలుసు. కళ్ళకి కనిపించే చదువు అదొక్కటే. ముక్క చెప్పడం చదువులా కనిపించదు, కబుర్లలా కనిపిస్తుంది. ఆవిడ ముందే వాణ్ణి ఒక ప్రశ్న అడుగుదామనుకుని, మళ్ళీ వద్దనుకున్నాను. తల్లి ఎదురుగా వాడు కథే చెప్తాడు. ప్రీబోర్డు దాకా ఆగమన్నాను. ఇష్టం లేకుండానే ఒప్పుకుంది.

మొదటి ప్రీబోర్డు 80కి 53. తాత జవాబు కాకుండా అందులో ఇంకో దెబ్బ ఉంది: చివరి ఆరు మార్కుల ప్రశ్న ముట్టుకోనే లేదు. మూడు గంటలకి 80 మార్కులంటే మార్కుకి రెండుంపావు నిమిషాలు. వాడు రీడింగ్‌లోని రెండు ప్యాసేజీలకి గంటా పది నిమిషాలు తినేశాడు, లెక్క ప్రకారం 20 మార్కులకి ముప్పావు గంట దాటకూడదు. రెండుసార్లు పూర్తిగా చదివి, తర్వాత ప్రశ్నలు చూసి, మళ్ళీ మొదటినుంచి చదివేవాడు. బోర్డులో 10:15కే పేపరు చేతికిస్తారు, రాయడం 10:30కి. ఆ పావుగంటలో పాఠాల ప్రశ్నల జోలికి పోవద్దని, ముందు ప్యాసేజీ ప్రశ్నలు, తర్వాత ప్యాసేజీ, ఆ పైన చాయిస్‌లో ఏవి వదిలేయాలో తేల్చుకోమని చెప్పాను. జనవరిలో నాలుగు ఆదివారాలు మా బల్ల మీద 10:15 నుంచి 1:30 దాకా పాత పేపర్లు రాయించాను. సీబీఎస్‌ఈ ప్రతి ఏడాదీ శాంపుల్ పేపరుతోపాటు మార్కింగ్ స్కీమ్ కూడా వెబ్‌సైట్‌లో పెడుతుంది. రాశాక దాన్ని వాడి చేతికే ఇచ్చి దిద్దుకోమన్నాను. తన జవాబుకి తనే ఒక మార్కు వేసుకున్న రోజు వాడు మామూలుగా లేడు. “నేనే అయితే దీనికి సున్నా ఏస్తా మేడం, ప్రశ్నలో ఉండేది ఇంగోటి” అన్నాడు.

రెండో ప్రీబోర్డు 60. వాళ్ళమ్మ ఆ వారం ఒక సంచీ నిండా టొమాటోలు పంపింది. మదనపల్లె వాళ్ళతో మర్యాదలు అలాగే ఉంటాయి.

ఇక్కడే ఒక పొరపాటు కూడా చెప్పాలి. జనవరికి వాడి జవాబులన్నీ ఒకే అచ్చులో పోసినట్టు తయారయ్యాయి. ముక్క, ఎందుకంటే, ఎక్కడుంది. మూడు మార్కులకి అది బాగుంటుంది, ఆరు మార్కులకి చప్పగా ఉంటుంది. పెద్ద జవాబులో ఒక మాట చెప్పి, దానికి ఎదురుమాట కూడా తలుచుకుని, అప్పుడు తేల్చాలి. పోస్ట్‌మాస్టర్ మంచే చేశాడు, కానీ అబద్ధం చెప్పాడు అని మొదటిరోజు చీకట్లో వాడు అన్నది సరిగ్గా అదే. ఆ ‘కానీ’ని నేనే నా అచ్చుతో చెరిపేశాను. మళ్ళీ తెద్దామంటే మూడు వారాలే మిగిలాయి. కొంత తెచ్చాం.

2025 ఫిబ్రవరి 15, శనివారం, టెన్త్ బోర్డులో మొదటి పరీక్ష ఇంగ్లీషే. రెండున్నరకి ఫోన్ చేశాడు. పేపరు మొత్తం రాశాడట. “ఒక దాంట్లో కథలోకి పోయినా మేడం, రెండు లైన్లు రాసినంక గుర్తొచ్చి కొట్టేసినా” అన్నాడు. మే 13న ఫలితాలు వచ్చాయి. రాతపరీక్షలో 80కి 67. ఇంటర్నల్ సంగతి నాకు సంబంధం లేదు, అది స్కూళ్ళు అందరికీ ధారాళంగానే వేస్తాయి. ఈ 67లో నా పద్ధతి వాటా ఎంత, జనవరిలో రాసిన పాత పేపర్ల వాటా ఎంత, ఊరికే వయసు పెరగడం వల్ల వచ్చిందెంత అంటే విడదీసి చెప్పలేను. టైం సరిచేసినందుకే ఆరేడు మార్కులు వచ్చి ఉంటాయని నా లెక్క.

ఈ మందు అందరికీ పనిచేయదు. అదే బ్యాచిలో కడప నుంచి వచ్చిన ఒకమ్మాయి ఉండేది. తెలుగులో అడిగితే సూటిగా, సూదిమొనలా జవాబు చెప్పేది. అదే ఇంగ్లీషులో రాయమంటే వాక్యం సగంలో విరిగిపోయేది. ఆ పిల్లకి వర్క్‌బుక్కే మందు, ఆర్నెల్లు అదే చేయించాను. ఇద్దరికీ మొదట్లో వచ్చిన మార్కులు దాదాపు ఒకటే. పేపరు చూసి ఇద్దర్నీ ఒక గాటన కట్టేశాను, అదే నా మొదటి తప్పు. తెలుగులో రెండు ప్రశ్నలు అడిగుంటే పది నిమిషాల్లో తేడా తెలిసేది.

ఈ జూన్‌లో కొత్త పిల్లలు వచ్చారు. ఇప్పుడు ఎవరొచ్చినా మొదటి రోజు పేపరు అడగడం లేదు. ఈమధ్య చూసిన సినిమా ఏదని అడిగి, అందులో హీరో చేసింది న్యాయమేనా అని అడుగుతున్నాను, వాళ్ళ ఇంటి భాషలో. కన్నడ పిల్లలైతే కన్నడలో, నా కన్నడ అంతంతమాత్రమే అయినా. పోయిన సోమవారం నెల్లూరు నుంచి వచ్చిన ఒక కుర్రాడు కుర్చీలో సర్దుకుని కూర్చుని, “ఏం జరుగుద్దంటే మేడం...” అని మొదలెట్టాడు. నేను అడ్డం పడకుండా గడియారం చూశాను. పదకొండు నిమిషాలు చెప్పాడు. ఇంటర్వెల్ దాకా వచ్చాడు.